వెలుతురుకు ఓర్వలేని కథాచిత్రాలు

డబ్లిన్‌లోని ఐర్లాండ్ నేషనల్ గ్యాలరీలో ఫ్రెడరిక్ బర్టన్ 1864లో చిత్రించిన 'హెల్లెలిల్, హిల్డెబ్రాండ్: బురుజు మెట్లపై కలయిక' అనే జలవర్ణ (నీటిరంగుల) చిత్రాన్ని వారంలో కొద్ది గంటలు మాత్రమే చూడనిస్తారు. మిగతా సమయమంతా దానిపై వెలుతురు పడనివ్వరు. 2012లో ఐర్లాండ్ ప్రజలు తమకు అత్యంత ప్రియమైన చిత్రంగా ఎన్నుకున్నది దీన్నే. ఈ కట్టడి వెనుక, విక్టోరియా యుగంలో నీటిరంగులు గౌరవం కోసం సాగించిన సుదీర్ఘ ప్రయత్నం ఉంది.

బ్రిటన్‌లోని ప్రముఖ కళాసంస్థ రాయల్ అకాడమీలో తైలవర్ణ (నూనెరంగుల) చిత్రాలదే పైచేయి కావడంతో జలవర్ణ చిత్రకారులు 1804లో లండన్‌లో సొంత సంఘం పెట్టుకున్నారు. అయినా, నీటిరంగులు ప్రకృతి దృశ్యాలకే తగినవన్న చిన్నచూపు వెంటనే పోలేదు. సాహిత్యం ఈ చిత్రకారులకు గంభీరమైన ఇతివృత్తాలను అందించింది. 1834లో రంగుల తయారీ సంస్థ విన్సర్ అండ్ న్యూటన్ తెచ్చిన 'చైనీస్ వైట్' తెలుపు, పలుచని రంగును చిక్కగా, తైలవర్ణానికి దీటుగా పరిచే వీలు కల్పించింది. 1850లలో ఆంగ్ల చిత్రకారుడు రోసెట్టి ఇటలీ కవి డాంటే కావ్యంలోని ప్రేమికులను, బ్రిటన్ పురాణపురుషుడు ఆర్థర్ రాజు గాథలను నీటిరంగుల్లో చిత్రించాడు. చిత్రకారిణి ఎలిజబెత్ సిడాల్ ఆంగ్ల కవి టెన్నిసన్ కవితలను, స్కాట్లండ్ జానపద గాథలను ఎంచుకుంది. 1857లో లండన్‌లోని రసెల్ ప్లేస్‌లో జరిగిన, రోసెట్టి బృందమైన ప్రీ-రాఫేలైట్ చిత్రకారుల ప్రదర్శనలో పాల్గొన్న ఏకైక మహిళ ఆమే. రోసెట్టి చిత్రాలకు నమూనాగా కూర్చున్న వ్యక్తిగానే ఆమెను ఎక్కువగా తలచుకోవడం అన్యాయం.

బర్టన్ చిత్రానికి మూలం విట్లీ స్టోక్స్ 1855లో అనువదించిన డేనిష్ వీరగాథ. రాకుమారి హెల్లెలిల్ తన అంగరక్షకుడు హిల్డెబ్రాండ్‌ను ప్రేమిస్తుంది. అతన్ని చంపమని తండ్రి తన ఏడుగురు కొడుకులను పంపుతాడు. గాథ నిండా నెత్తురే ఉన్నా బర్టన్ కత్తుల జోలికి పోలేదు. ఇరుకైన మెట్లపై, ముఖం తిప్పుకున్న ఆమె చేతిని అతను ముద్దాడే చివరి కలయికను చిత్రించాడు; ఆ ఎంపికలోనే అతని ప్రతిభంతా ఉంది.

1870లో మరో జలవర్ణ చిత్రకారుడు బర్న్-జోన్స్ రోమన్ కవి ఒవిడ్ కథ ఆధారంగా వేసిన చిత్రంలోని నగ్నత్వంపై దుమారం రేగింది. అతను ఆ జలవర్ణ చిత్రకారుల సంఘానికి రాజీనామా చేస్తే, బర్టన్ కూడా అతనికి మద్దతుగా బయటికి వచ్చాడు.

బర్టన్ చిత్రాన్ని వెలుతురుకు దూరంగా ఉంచాల్సి రావడానికి అసలు చిక్కు రంగుల మన్నికలో ఉంది. గ్యాలరీల వెలుతురులో జలవర్ణ చిత్రాలు వెలిసిపోతున్నాయని 1886లో పత్రికల్లో పెద్ద వివాదం నడిచింది. దాంతో రసెల్, ఆబ్నీ అనే శాస్త్రజ్ఞులు పరీక్షలు జరిపి 1888లో నివేదిక ఇచ్చారు. కార్మైన్, క్రిమ్సన్ లేక్ వంటి ఎరుపులు త్వరగా వెలిసిపోతాయనీ, వెలుతురుకు గాలి, తేమ తోడైనప్పుడే ఎక్కువ నష్టమనీ వారు నిరూపించారు.