సాల్తా అడవిలో ఆగిపోయిన ‘ప్రజా సైన్యం’

2004 చివర్లో అర్జెంటీనాలోని కోర్దోబా నగరం నుంచి వచ్చే ఒక పత్రిక, ఎక్టర్ హూవే అనే పాత గెరిల్లా ఇంటర్వ్యూ వేసింది. నలభై ఏళ్ల కిందట అడవిలో ఏం జరిగిందో ఆయన దాచకుండా చెప్పాడు. అది చదివిన తత్వవేత్త ఒస్కార్ డెల్ బార్కో పత్రికకు ఉత్తరం రాశాడు. హూవే ఉన్న గెరిల్లా దళాన్ని సమర్థించిన వాళ్లలో తానూ ఒకణ్ని కాబట్టి, అది చేసిన హత్యలకు తానూ బాధ్యుణ్నేనన్నాడు. దాని మీద అక్కడి వామపక్షం ఏళ్ల తరబడి వాదించుకుంది. చనిపోయింది శత్రువులైతే ఇంత గొడవ ఉండేది కాదు. దళం కాల్చి చంపింది తన సొంత మనుషుల్ని.

ఆ దళం పేరు ప్రజా గెరిల్లా సైన్యం, ఈజీపీ. నాయకుడు హోర్హే మసెట్టి జర్నలిస్టు. 1958లో క్యూబా కొండల్లోకి వెళ్లి ఫిడెల్ కాస్ట్రోను, చేగువేరాను ఇంటర్వ్యూ చేశాడు. మరుసటి ఏడాది విప్లవ ప్రభుత్వం పెట్టిన వార్తా సంస్థ ప్రెన్సా లాటినాకు తొలి అధిపతి అయ్యాడు. తమ ఇద్దరి సొంత దేశమైన అర్జెంటీనాలో విప్లవం తేవాలన్న చే పథకాన్ని భుజానికెత్తుకున్నదీ ఆయనే. క్యూబాలో, ఆ తర్వాత అల్జీరియాలో శిక్షణ అయ్యాక 1963 జూన్‌లో బొలీవియా మీదుగా సాల్తా రాష్ట్రంలోని ఒరాన్ అడవుల్లోకి దిగారు. మసెట్టి పేరు ‘కమాండర్ సెగుందో’, అంటే రెండోవాడు. మొదటివాడు చే, తర్వాత వస్తాడని నమ్మకం.

జూలైలోనే ఎన్నికలు జరిగాయి. మాజీ అధ్యక్షుడు పెరోన్ పార్టీ మీద నిషేధం ఉంది, గెలిచిన ఆర్తూరో ఇలియాకు పడిన ఓట్లు 25 శాతమే. అయినా పోరాడటానికి వచ్చింది సైన్యం చెప్పుచేతల్లో ఉన్న ప్రభుత్వంతో, ఎదురుగా వచ్చింది ఎన్నికైన డాక్టరు. మసెట్టి తటపటాయించాడు. ఆఖరికి కొత్త అధ్యక్షుడికి బహిరంగ లేఖ రాసి అడవిలోనే ఉండిపోయాడు. ఆగాల్సింది అక్కడేనని నాకనిపిస్తుంది.

శ్రీకాకుళంలో పంతుళ్లు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఏళ్ల తరబడి గిరిజనుల మధ్య పనిచేశాకే తుపాకుల దాకా వచ్చింది. సాల్తాలో ఆ పునాది లేదు. దళం తిరిగిన అడవిలో జనమే అరుదు. వాన, పురుగులు, ఖాళీ కడుపు. ఆకలి పెరిగేకొద్దీ మసెట్టి క్రమశిక్షణ కూడా బిగుసుకుంది.

అడాల్ఫో రోట్‌బ్లాట్‌ను అందరూ ‘పూపి’ అని పిలిచేవారు. బ్యూనస్ ఎయిర్స్ నుంచి వచ్చిన కుర్రాడు. ఆస్తమా. ఎక్కలేక వెనకబడేవాడు, కుంగిపోయి ఏడ్చేవాడు. 1963 నవంబర్‌లో అతన్ని కాల్చేశారు. చేగువేరాకూ జీవితాంతం ఆస్తమానే కదా, అది గుర్తొచ్చినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. తర్వాత బెర్నార్డో గ్రోస్వాల్డ్, బ్యాంకు గుమాస్తా. సోడాబుడ్డి కళ్లద్దాలు, చదును పాదాలు. కొండ దిగడం కూడా అతనికి నరకమే. 1964 ఫిబ్రవరిలో విచారణ అన్న పేరు పెట్టి అతన్నీ చంపారు. ఇద్దరూ ఎవరికీ ద్రోహం చేయలేదు. వాళ్ల ఒళ్లు సహకరించలేదు, అంతే.

మిగతాది కొన్ని వారాల్లో ముగిసింది. దళంలోకి పోలీసు ఏజెంట్లు చొరబడ్డారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో సరిహద్దు దళాలు శిబిరాలను చుట్టుముట్టాయి. ముగ్గురు ఆకలికి చనిపోయారు, ఒకరు లోయలో పడిపోయారు. చే అంగరక్షకుడిగా పనిచేసిన క్యూబన్ ఎర్మెస్ పేన్యా కాల్పుల్లో పోయాడు. దొరికిన వాళ్లు జైలుకెళ్లారు. హూవే 1973 క్షమాభిక్షలో బయటికొచ్చాడు.

మసెట్టి ఆ ఏప్రిల్‌లో ఒక సహచరుడితో కలిసి అడవిలోకి నడిచి వెళ్లాడు. ఆయన శవం దొరకలేదు.