చేతులే కాదు, గాలీ శుభ్రంగా ఉండాలి

2020 మార్చి 10 సాయంత్రం అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, స్కాజిట్ వ్యాలీలో ఒక గాయక బృందం సాధనకు కూడింది. మొత్తం 61 మంది. కరోనా సంగతి అప్పటికే విన్నారు కాబట్టి గుమ్మం దగ్గర శానిటైజర్ పెట్టుకున్నారు, కరచాలనాలు మానుకున్నారు. రెండున్నర గంటలు పాడుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. అప్పటికే జలుబు లక్షణాలున్న ఒకరితో కలిపి చివరికి 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. తర్వాత ఆ గది కొలతలూ, గాలి రాకపోకలూ లెక్కగట్టి చూసిన పరిశోధకులు, జబ్బు ప్రధానంగా గాలి ద్వారానే పాకి ఉంటుందని తేల్చారు.

ఆ రోజుల్లో ప్రపంచమంతా చేతుల గురించే మాట్లాడింది. అదే నెల 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ, కొవిడ్ గాలి ద్వారా వ్యాపించదని గట్టిగా ప్రకటించింది. జూలైలో లిడియా మొరావ్‌స్కా, డొనాల్డ్ మిల్టన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 239 మంది నిపుణుల మద్దతుతో బహిరంగ లేఖ రాశారు: గాలి సంగతి పట్టించుకోండి అని. 2024లో ఆ సంస్థే తన పరిభాషను మార్చుకుని, ఇలాంటి జబ్బులు గాలి ద్వారా వ్యాపించే తీరును కొత్తగా నిర్వచించింది. ఈ ఆలస్యానికి మనం చెల్లించిన మూల్యం చాలా పెద్దదని నా అభిప్రాయం. కూరగాయల సంచుల్ని తుడిచి తుడిచి అలసిపోయిన జనం, కిటికీలు బిగించిన గదుల్లో నిశ్చింతగా కూర్చున్నారు.

నిజానికి ఈ శాస్త్రం కొత్తదేమీ కాదు. నోటి తుంపర్లలో పెద్దవి నేలరాలతాయనీ, చిన్నవి దారిలోనే ఆరిపోయి వాటిలో మిగిలిన పదార్థం గాలిలో తేలుతుందనీ అమెరికా శాస్త్రవేత్త విలియం వెల్స్ 1934లోనే చెప్పాడు. ఆయన శిష్యుడు రిచర్డ్ రైలీ 1950లలో బాల్టిమోర్‌లో దాన్ని నిరూపించాడు. క్షయ రోగుల వార్డులోని గాలిని గొట్టాల ద్వారా గినీ పందులున్న గదికి పంపితే వాటికి క్షయ సోకింది. అదే గాలిని అతినీలలోహిత కాంతిలోంచి పంపినప్పుడు సోకలేదు. క్షయకు కారణం బాక్టీరియా అయినా, గాలిలో ప్రయాణించే పద్ధతి మాత్రం ఒకటే.

ఎంతసేపు తేలుతుందన్నది కణం సైజును బట్టి ఉంటుంది. 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తుంపర నోటి ఎత్తు నుంచి నేలను చేరడానికి ఐదారు సెకన్లు చాలు. 5 మైక్రాన్ల కణానికి కదలని గాలిలో అరగంట పడుతుంది. 1 మైక్రాన్ కణానికైతే దాదాపు పన్నెండు గంటలు. కరోనా వైరస్ వెడల్పు సుమారు 0.1 మైక్రానే కాబట్టి అంత చిన్న కణంలోనూ ఇముడుతుంది. పైగా గదిలో గాలి ఎప్పుడూ నిలకడగా ఉండదు. మన ఒంటి వేడికే పైకి లేస్తుంటుంది. తట్టు సోకిన మనిషి గది వదిలి వెళ్లిన రెండు గంటల దాకా కూడా అక్కడి గాలి పీల్చినవారికి ఆ జబ్బు అంటుకోవచ్చు.

రోజువారీ జీవితంలో దీన్ని గుర్తుంచుకోవడానికి ఒక ఉపాయం ఉంది. ఎదుటి మనిషి సిగరెట్ తాగుతున్నాడనుకోండి. ఆరుబయట నాలుగడుగులు పక్కకు జరిగితే పొగ అంతగా తగలదు. మూసిన గదిలో మూలకు వెళ్లి కూర్చున్నా కాసేపటికి వాసన వస్తుంది. ఊపిరి కూడా అలాగే వ్యాపిస్తుంది. దగ్గరగా ఉంటే చిక్కగా తగులుతుంది కాబట్టి దూరం పాటించడం మంచిదే. కానీ గంటల తరబడి ఒకే గదిలో ఉన్నప్పుడు ఆరడుగుల దూరం మనల్ని కాపాడలేదు. ఎంత గట్టిగా మాట్లాడితే, ఎంత గొంతెత్తి పాడితే అంత ఎక్కువ కణాలు బయటికొస్తాయి. గదిలో జనం, గడిపే సమయం, గొంతు, గాలి... ఈ నాలుగూ కలిసి ప్రమాదాన్ని తేలుస్తాయి.

గాలిని కంటితో చూడలేం కానీ కొలవొచ్చు. ఆరుబయట గాలిలో కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎంకు (అంటే పది లక్షల పాళ్లలో 420 పాళ్లకు) కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మనం వదిలే ఊపిరిలో దాదాపు 40,000 పీపీఎం. గదిలో పెట్టిన మీటరు 1200 చూపిస్తోందంటే, మీరు పీల్చే గాలిలో సుమారు రెండు శాతం అప్పటికే ఎవరో ఒకరి ఊపిరితిత్తుల్లో తిరిగొచ్చినదన్నమాట. యాభై శ్వాసలకు ఒక శ్వాస! ఈ లెక్క తెలిశాక కిటికీ తెరవకుండా ఉండటం కష్టం.

ఎదురెదురుగా ఉన్న రెండు కిటికీలు తెరిస్తే ఒక్కదానికంటే ఎంతో మేలు. సీలింగ్ ఫ్యాన్ ఉన్న గాలినే తిప్పుతుంది, దాన్ని శుభ్రం చేయదు. ఇళ్లలో వాడే స్ప్లిట్ ఏసీలు చాలావరకు లోపలి గాలినే చల్లబరిచి మళ్లీ వదులుతాయి, బయటి గాలిని తీసుకురావు. చలికో ఎండకో కిటికీ తెరవలేని చోట హెపా ఫిల్టరున్న (అతి సన్నని కణాలను కూడా పట్టే వడపోత ఉన్న) ఎయిర్ ప్యూరిఫయర్ పనికొస్తుంది. అది వైరస్ కణాలను పట్టేస్తుంది కానీ కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించదు, కాబట్టి అక్కడ మీటరు అంకెను చూసి బెంబేలు పడక్కర్లేదు.

"వైరస్ అంత చిన్నది కదా, మాస్కు రంధ్రాల్లోంచి దూరిపోదా?" అని చాలామంది అడుగుతారు. జవాబు నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది. ఎన్95 మాస్కు జల్లెడలా పనిచేయదు. పెద్ద కణాలు గాలితో పాటు మలుపు తిరగలేక పోగులకు కొట్టుకుని అతుక్కుంటాయి. అతి చిన్న కణాలు గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ ఊగిసలాడుతూ ఏదో ఒక పోగుకు తగులుతాయి. పట్టుకోవడం కష్టమయ్యేది మధ్యలో ఉన్న 0.3 మైక్రాన్ల కణాలనే. అందుకే ఆ సైజు దగ్గరే పరీక్షించి, కనీసం 95 శాతం ఆపితేనే ఆ పేరు ఇస్తారు. పోగుల మీదుండే స్థిర విద్యుత్తు కూడా కణాలను లాగుతుంది. ఈ మాస్కును సబ్బుతో ఉతికితే ఆ విద్యుత్తు పోతుంది, కాబట్టి ఉతకకూడదు. సర్జికల్ మాస్కు బట్ట మంచిదే అయినా బుగ్గల పక్కన సందులుంటాయి, గాలి ఆ సందుల్లోంచే పోతుంది. బట్ట ఎంత ముఖ్యమో ముఖానికి బిగుతుగా కూర్చోవడం అంతే ముఖ్యం.

ఇంతా చెప్పానని చేతులు కడగడం మానొద్దు. సబ్బు ఫ్లూ, కరోనా వైరస్‌ల కొవ్వు పొరను చీల్చేస్తుంది. టీకా జబ్బు ముదరకుండా కాపాడుతుంది.

ఇంట్లో ఒకరికి సోకినప్పుడే ఇదంతా నిజంగా అక్కరకొస్తుంది. కిటికీ ఉన్న గదిని వారికివ్వండి, తలుపు మూసి ఉంచండి. కిటికీలో గాలిని బయటికి నెట్టేలా ఫ్యాన్ పెడితే, ఇంటి గాలి ఆ గదిలోకి వెళ్లి బయటికి పోతుంది, ఆ గది గాలి ఇంట్లోకి రాదు. లోపలికి వెళ్లేటప్పుడు మీరూ, రోగీ ఇద్దరూ మాస్కు పెట్టుకోండి. గదిలోని గాలి గంటకు ఆరుసార్లు మారితే, 99 శాతం కణాలు పోవడానికి 46 నిమిషాలు పడుతుంది. రెండుసార్లే మారితే రెండు గంటల పైమాటే. రోగి ఆ గది ఖాళీ చేశాక ఊడ్చడానికి వెళ్లేవారు అంతసేపు ఆగాలి. ఆయాసం, ఛాతీలో నొప్పి, మాటల్లో తికమక, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే మాత్రం ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కొవిడ్ లక్షణాలు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటుకోగలదు, కాబట్టి రోగితో భోజనం చేసినవారు తమకేం కాలేదనుకుని పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లకపోవడం మంచిది. మందు వేసుకోకుండానే ఒక రోజంతా జ్వరం రాకుండా ఉండి, ఒంట్లో తేలిక పడ్డాక రోగి గదిలోంచి బయటికి రావచ్చు. ఆ తర్వాత ఇంకో ఐదు రోజులు నలుగురిలో ఉన్నప్పుడు మాస్కు తీయకండి, కిటికీలు మూయకండి.