నల్లమలకు ఎవరు వస్తున్నారు, ఎందుకు వస్తున్నారు

నల్లమల లోయలో లింగమయ్య కొలువైన సలేశ్వరం జాతరను కొద్ది రోజులకే పరిమితం చేయడం, శ్రీశైలం రహదారిపై రాత్రి రాకపోకల నిషేధం, అదే దారిలో ప్రతిపాదించిన ఎలివేటెడ్ కారిడార్ (స్తంభాలపై సాగే రోడ్డు). అమ్రాబాద్ పులుల అభయారణ్యం చుట్టూ మళ్లీ రాజుకున్న ఈ మూడు వివాదాల్లోనూ తేలాల్సింది ఒక్కటే: ఈ అడవిలోకి ఎవరు, ఏ పని మీద రావచ్చు? ప్రాజెక్టు టైగర్ పుట్టుక, రాష్ట్ర విభజన తర్వాత అభయారణ్యం రెండుగా చీలడం అందరికీ తెలిసిన సంగతులే. నేటి చిక్కుముడి అసలు బిగిసింది 2012లో.

ఆ ఏడాది జులై 24న సుప్రీంకోర్టు పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతాల్లో, అంటే పులుల కోసం ప్రత్యేకించిన నడిబొడ్డు అడవిలో, పర్యాటకాన్ని తాత్కాలికంగా నిలిపివేసింది. కోర్ విస్తీర్ణంలో 20 శాతానికి మించి పర్యాటకానికి వాడరాదన్న మార్గదర్శకాలు సిద్ధమయ్యాక అక్టోబరు 16న ఆ నిలుపుదలను ఎత్తివేసింది. ఆ మూడు నెలల్లో దేశమంతటా సాగిన చర్చ ఎక్కువగా సఫారీ జీపుల చుట్టూ, వాటిపై ఆధారపడిన హోటళ్లు, గైడ్ల చుట్టూ తిరిగింది. అడవికి వచ్చేవాడంటే టికెట్టు కొని పులిని చూడవచ్చేవాడేనన్న అభిప్రాయం అప్పుడే స్థిరపడిపోయింది. నల్లమలకు ఆ కొలత సరిపోదు. ఫర్హాబాద్ వైపు సఫారీకి వచ్చేవారికంటే మల్లన్న దర్శనానికి ఈ అడవి మీదుగా సాగిపోయేవారే ఎన్నో రెట్లు ఎక్కువ.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 28వ సెక్షన్, ప్రవేశానుమతి ఇవ్వదగిన పనులను పేర్కొంటుంది: వన్యప్రాణుల అధ్యయనం, ఫొటోగ్రఫీ, శాస్త్రీయ పరిశోధన, పర్యాటకం, లోపల నివసించేవారితో న్యాయబద్ధమైన లావాదేవీలు. ఆ జాబితాలో తీర్థయాత్ర లేదు. రహదారిపై సాగిపోయేవారికి 27వ సెక్షన్ ప్రకారం అనుమతే అక్కర్లేదు. అందువల్ల సలేశ్వరం లొద్దిలోకి (లోయలోకి) దిగే భక్తుడి రాక అధికారులు ఏటా విధించే షరతుల మీద ఆధారపడుతుండగా, కారులో శ్రీశైలం వెళ్లేవారికి రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు గేటు మూసి ఉండటం తప్ప వేరే అడ్డు లేదు.

జాతరను కట్టడి చేయాలన్న అటవీ శాఖ వాదన తీసిపారేయదగినది కాదు. ఎండాకాలంలో, నీటి వనరులు తగ్గే వేళ, వేలాది మంది ఒకే లోయలోకి దిగితే జంతువులు చెదిరిపోతాయి, ప్లాస్టిక్ మిగిలిపోతుంది, నిప్పు ప్రమాదం పెరుగుతుంది.

అయితే ఆ లోయలో లింగమయ్యకు పూజారులు చెంచులే. చైత్ర పౌర్ణమి వేళ "వస్తున్నాం లింగమయ్యా" అంటూ రాళ్ల దారిలో దిగే జనం ఏడాదికోసారి వచ్చిపోతారు. తేనె, జిగురు, కుంకుడుకాయల కోసం ఏడాది పొడవునా అదే అడవిలో తిరిగే చెంచు సందర్శకుడు కాడు, అది అతని ఇల్లు. కోర్ ప్రాంతాన్ని మనుషుల అలికిడి లేకుండా ఉంచాలన్న 2006 చట్ట సవరణే, షెడ్యూల్డ్ తెగల, ఇతర అటవీ నివాసుల హక్కులకు భంగం కలగకుండా ఆ పని జరగాలని కూడా చెప్పింది. పెంటల (చెంచుల గూడేల) తరలింపు మాట వచ్చినప్పుడల్లా మొదటి సగమే వినిపిస్తోంది, రెండో సగం కాగితాల్లో ఉండిపోతోంది. రాత్రి నిషేధాన్ని ప్రయాణికుల ఇబ్బందిగా చూపేవారు, పగలంతా అదే రోడ్డు పక్కన బతికే పెంటల గురించి మాట్లాడటం అరుదు.

ఎలివేటెడ్ కారిడార్‌ను సమర్థించేవారు కింద జంతువులకు దారి వదులుతామంటున్నారు. పులుల అభయారణ్యంలో ఇలాంటి నిర్మాణానికి జాతీయ వన్యప్రాణి మండలి పరిశీలన తప్పనిసరి. అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆ దారిలోని చెంచు గ్రామసభల మాట కూడా అదే ఫైలులో, అదే దశలో ఉండాలి. స్తంభాల ఎత్తు నిర్ణయమైపోయాక సంతకాల కోసం పెంటలకు వెళ్లడం సంప్రదింపు అనిపించుకోదు.