ఎసెకిబో: జెనీవాలో పడ్డ పీటముడి

2025 మే 25న వెనిజులా తన పటంలో కొత్తగా చేర్చుకున్న 'గయానా ఎసెకిబా' రాష్ట్రానికి గవర్నర్‌ని ఎన్నుకుంది. గెలిచింది అడ్మిరల్ నీల్ విల్యామిజార్. ఆయన పాలించాల్సిన నేల మీద మాత్రం ఒక్క పోలింగ్ బూత్ కూడా లేదు, ఎందుకంటే ఆ నేల పక్కదేశం గయానా చేతిలో ఉంది. సరిహద్దుకి ఇవతల, బొలివార్ రాష్ట్రంలో ప్రత్యేకంగా ఒక నియోజకవర్గం గీసి, 21 వేల పైచిలుకు వెనిజులా ఓటర్లకి ఆ ఓటు ఇచ్చారు. ఇలాంటి ఎన్నిక పెట్టొద్దని హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం మే 1న ఆదేశించింది. వెనిజులా వినలేదు. ఎన్నిక జరిగిన మర్నాడు, మే 26, గయానా స్వాతంత్ర్య దినం.

వార్త రాగానే అందరి నోటా ఒకటే మాట: చమురు. 2015లో ఎక్సాన్‌మొబిల్ గయానా సముద్రంలో చమురు కనిపెట్టింది, వెనిజులా కన్ను పడింది, అంతే కథ అని. వినడానికి బాగానే ఉంది. కానీ ప్రపంచంలోనే అతిపెద్ద చమురు నిల్వలు, 30 వేల కోట్ల బ్యారెళ్లు, వెనిజులా నేల కింద ఉన్నాయి. ఉన్నదాన్ని తీసుకోలేక అవస్థ పడుతున్న దేశం 1,100 కోట్ల బ్యారెళ్ల కోసం ఇంత రభస చేస్తోందంటే లెక్క కుదరదు. చమురు ఈ గొడవని పెద్దది చేసింది, నిజమే. పుట్టించింది మాత్రం అది కాదు.

ముందు నేల సంగతి. ఎసెకిబో నదికి పడమటనున్న ఈ ప్రాంతం 1,59,500 చదరపు కిలోమీటర్లు, దాదాపు మన ఆంధ్రప్రదేశ్ అంత. అందులో ఉండే జనం లక్షా పాతిక వేల మంది. గయానా మొత్తం విస్తీర్ణమే 2,15,000 చదరపు కిలోమీటర్లు కాబట్టి, ఇది పోతే ఆ దేశానికి మిగిలేది పావు వంతు. నైరుతి మూలన రుపునుని గడ్డిమైదానాలు వానాకాలంలో చెరువులైపోతాయి, ఎండాకాలంలో పశువులకి నీళ్లు దొరకవు. పడమటి అంచున పకరైమా కొండలు, వాటి కొసన 2,810 మీటర్ల రొరైమా. గయానా, వెనిజులా, బ్రెజిల్ మూడూ కలిసేది ఆ కొండ నెత్తినే. మధ్యలోదంతా అడవి. కుయుని, మజరుని, పొటరో నదులు ఆ అడవిలోంచి వచ్చి ఎసెకిబోలో కలుస్తాయి. చమురు రాకముందు దేశాన్ని పోషించిన బంగారంలో చాలా భాగం ఈ నదుల ఒడ్డుల్లోదే. బంగారం తీసేవాళ్లు వాడే పాదరసం కూడా ఈ నీళ్లలోనే కలుస్తుంది.

ఇంత నేల ఉన్నా గయానాలో పదిమందిలో తొమ్మిదిమంది సముద్రపు అంచున సన్నటి పట్టీలో ఉంటారు. పోటు వచ్చినప్పుడు ఆ పట్టీ సముద్ర మట్టానికి కిందకి పోతుంది. డచ్చివాళ్లు మొదలుపెట్టిన కరకట్టలూ తూములే ఇప్పటికీ దిక్కు. పాటు సమయంలో తూము తలుపు ఎత్తి కాలవ నీళ్లు సముద్రంలోకి వదులుతారు, పోటు రాకముందే దించేస్తారు. 2005 జనవరిలో కుండపోత వాన కురిసినప్పుడు ఈ ఏర్పాటు చేతులెత్తేసింది, రాజధాని జార్జ్‌టౌన్, చుట్టుపక్కల ఊళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఈ పట్టీలోని చెరకు తోటల్లోకే 1838 నుంచి 1917 దాకా దాదాపు 2,39,000 మంది భారతీయుల్ని కూలి ఒప్పందాల మీద తీసుకెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి. మద్రాసు రేవులో ఓడెక్కిన వాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. జనమంతా తీరాన, సంపదంతా అడవిలో. జార్జ్‌టౌన్‌లో ఏ ప్రభుత్వం వచ్చినా దానికి ఎసెకిబో భవిష్యత్తు మీద ఆశ, వెనిజులా రాజధాని కారకస్‌కేమో ఎవరూ లేని ఖాళీ నేల. అక్కడి ఆదివాసులైన అకవాయో, మకుషి, వాపిషానా తెగల వాళ్లకి ఈ రెండు లెక్కల్లోనూ చోటు తక్కువే.

స్పానిష్, డచ్, బ్రిటిష్ కాలాల కథ, బ్రిటన్ తరఫున షోంబర్గ్ గీసిన సరిహద్దు గీత, 1895లో అమెరికా అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ బ్రిటన్ మీద కన్నెర్ర చేయడం అందరూ రాసేవే. ఇక్కడ కావాల్సింది ఒక్కటి. 1899 అక్టోబర్ 3న పారిస్‌లో, అప్పటికి బ్రిటిష్ వలసగా ఉన్న గయానాకీ వెనిజులాకీ మధ్య సరిహద్దు మీద ఐదుగురు సభ్యుల ట్రైబ్యునల్ తీర్పిచ్చింది. ఇద్దరు బ్రిటిష్‌వాళ్లు, ఇద్దరు అమెరికన్లు, అధ్యక్షుడిగా రష్యాకి చెందిన మార్టెన్స్. వెనిజులా మనిషి ఒక్కడూ లేడు. ఒరినోకో నది ముఖద్వారం వెనిజులాకి ఇచ్చి, అడిగిన మిగతా భూమిలో దాదాపు 90 శాతం బ్రిటన్‌కి ఇచ్చారు. ఎందుకిచ్చారో ఒక్క ముక్క రాయలేదు. కారణాలు చెప్పని తీర్పు మీద ఓడినవాడికి అనుమానం రావడం తప్పేం కాదు.

కానీ ఆ అనుమానాన్ని వెనిజులా చాలాకాలం బయటపెట్టలేదు. ఆ దేశపు కమిషనర్లే బ్రిటిష్‌వాళ్లతో కలిసి అడవుల్లో తిరిగి సరిహద్దు రాళ్లు పాతారు, 1905 జనవరిలో పటాల మీద సంతకాలు పెట్టారు. 1932లో రొరైమా మీద మూడు దేశాలు కలిసే బిందువు ఫలానా అని బ్రిటన్, బ్రెజిల్‌తో పాటు ఒప్పుకున్నారు. ఆరు దశాబ్దాలు ఆ గీత గీతగానే నడిచింది.

తర్వాత వచ్చింది మాలెట్-ప్రెవోస్ట్ కాగితం. పారిస్‌లో వెనిజులా తరఫున వాదించిన అమెరికన్ లాయర్లలో చిన్నవాడు ఆయన. 1944లో, అంటే తీర్పు వచ్చిన 45 ఏళ్లకి, ఒక జ్ఞాపకం చెప్పి రాయించాడు, తను పోయాకే బయటపెట్టమన్నాడు. బ్రిటన్, రష్యా లోపల బేరం కుదుర్చుకున్నాయని, ఈ రాజీకి ఒప్పుకోకపోతే తన ఓటు బ్రిటన్ కోరిన పూర్తి గీతకే వేస్తానని మార్టెన్స్ అమెరికన్ జడ్జీల్ని ఒత్తిడి చేశాడని అందులో ఉంది. 1949 జులైలో అది అచ్చయింది. వెనిజులా వాదన మొత్తానికి ఇదే ఇరుసు. ఒక ముసలి లాయర్, అదీ ఓడిన పక్షం లాయర్, అంతకాలం తర్వాత చెప్పిన మాట అది. అబద్ధమని తేల్చలేం. సరిహద్దు తిరగరాయడానికి అదొక్కటే చాలంటే మాత్రం ఏ కోర్టూ ఒప్పుకోదు.

గమనించాల్సింది, ఆ కాగితం అచ్చయిన వెంటనే వెనిజులా ఐక్యరాజ్యసమితి తలుపు తట్టలేదు. తట్టింది 1962లో. మధ్యలో ఏం జరిగింది? బ్రిటిష్ గయానాలో చెద్దీ జగన్ (మన జగన్‌కీ ఈయనకీ సంబంధం లేదు) గెలుస్తూ వచ్చాడు. మార్క్సిస్టు. 1953లో ఆయన ప్రభుత్వాన్ని బ్రిటన్ 133 రోజులకే కూలదోసింది, అయినా 1957లో, 1961లో మళ్లీ గెలిచాడు. పక్కనే క్యూబా విప్లవం కొత్తగా మండుతోంది. స్వతంత్ర గయానా ఇంకో క్యూబా అవుతుందేమోనని కెనెడీ ప్రభుత్వానికి టెన్షన్, వెనిజులా అధ్యక్షుడు బెటన్‌కోర్ట్‌కి అంతకన్నా ఎక్కువ. కారకస్‌లోని అమెరికా రాయబారి 1962లో పంపిన నివేదికల్లోనే ఈ భయం కనిపిస్తుంది. 60 ఏళ్లుగా పెట్టెలో ఉన్న హక్కు అప్పుడు బయటికొచ్చింది. 1899 తీర్పు చెల్లదని 1962 నవంబర్‌లో వెనిజులా విదేశాంగ మంత్రి ఐక్యరాజ్యసమితిలో చెప్పాడు.

భయానికి కారణం రెండేళ్లలో పోయింది. ఎన్నికల పద్ధతే మార్చేసి 1964 డిసెంబర్‌లో జగన్‌ని దించారు, ఆయన ప్రత్యర్థి ఫోర్బ్స్ బర్న్‌హమ్ వచ్చాడు. కానీ ఒకసారి బయటపెట్టిన హక్కుని మళ్లీ లోపల పెట్టుకునే నాయకుడు వెనిజులాలో పుట్టలేదు. బడి పుస్తకాల్లోని పటాల్లో ఎసెకిబో మీద గీతలు గీసి 'తిరిగి రావాల్సిన ప్రాంతం' అని రాయడం మొదలయ్యాక, వద్దనేవాడు దేశద్రోహి అవుతాడు.

ఇక జెనీవా. 1966 ఫిబ్రవరి 17. గయానా స్వాతంత్ర్యానికి ఇంకా మూడు నెలలుంది. బ్రిటన్‌కి తొందరగా మూట సర్దుకుని వెళ్లాలని ఉంది. బ్రిటిష్ విదేశాంగ మంత్రి మైకేల్ స్టువర్ట్, వెనిజులా మంత్రి ఇరిబారెన్ బోర్జెస్, అప్పటికి ఇంకా వలస దేశపు ప్రధానిగానే ఉన్న బర్న్‌హమ్ ఒప్పందం మీద సంతకాలు చేశారు. మొదటి అధికరణంలోనే ఉంది అసలు వాక్యం: 1899 తీర్పు చెల్లదన్న వెనిజులా వాదన ఫలితంగా తలెత్తిన వివాదానికి ఆచరణాత్మకమైన, సంతృప్తికరమైన పరిష్కారం వెతకాలని.

ఈ వాక్యాన్ని ఇద్దరూ ఇప్పటికీ ఎవరికి అనుకూలంగా వాళ్లు చదువుకుంటున్నారు. 'ఆచరణాత్మక పరిష్కారం' అన్నారంటే 1899 తీర్పు పక్కకి పోయినట్టే, ఇక కూర్చుని పంచుకోవడమేనని వెనిజులా అంటుంది. అక్కడ రాసింది 'వెనిజులా వాదన' అని, అది నిజమని ఎవరూ ఒప్పుకోలేదని, ముందు ఆ వాదన నిలుస్తుందో లేదో తేల్చాలని గయానా అంటుంది. కాగితం చదివితే గయానా మాటే సూటిగా ఉంది. కానీ అసలు ఆ కాగితం ఎందుకు రాసివ్వాల్సొచ్చింది? తీర్పు చెల్లుతుందని బ్రిటన్‌కి అంత నమ్మకముంటే వివాదం ఉందని ఒప్పుకునే అవసరమేముంది? పోయేవాడు పేచీ పోగొట్టుకుని పోయాడు, ఉండేవాడి నెత్తిన అది పడింది.

నాలుగో అధికరణం ఇంకా ముఖ్యం. రెండు పక్షాల ఉమ్మడి కమిషన్ నాలుగేళ్లలో తేల్చలేకపోతే, రెండు ప్రభుత్వాలూ దారి ఎంచుకోలేకపోతే, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి చివరికి ఆ దారి ఎంచొచ్చు. ఆయన ఎంచుకోవాల్సిన జాబితా సమితి చార్టర్ 33వ అధికరణంలోది, అందులో కోర్టు కూడా ఉంది. దీని మీద సంతకం పెట్టింది వెనిజులానే. ఈ రోజు ఎసెకిబో కేసు హేగ్‌లో ఉండటానికి ఇదొక్కటే దారి.

తర్వాతి అరవై ఏళ్లూ వెనిజులా ఆ ఒప్పందం పేరు చెబుతూనే దాని చుట్టూ తిరిగింది. సిరా ఆరకముందే, 1966 అక్టోబర్‌లో, కుయుని నదిలోని అంకోకో దీవిలో గయానా వైపు సగాన్ని ఆక్రమించింది. 1969 జనవరిలో రుపునునిలో పశువుల ర్యాంచ్‌ల యజమానులు తిరుగుబాటు చేస్తే ఆయుధాలూ శిక్షణా వెనిజులా నుంచి వచ్చాయి. 1970లో 12 ఏళ్లు ఈ విషయం ఎత్తకూడదని అనుకున్నారు, 1982లో వెనిజులా దాన్ని పొడిగించలేదు. అంతకు ముందు ఏడాదే మజరుని నది ఎగువన గయానా కట్టాలనుకున్న జలవిద్యుత్ ప్రాజెక్టుకి అప్పివ్వొద్దని ప్రపంచ బ్యాంకుకి లేఖ రాసింది. ఆ ప్రాజెక్టు మళ్లీ లేవలేదు. అది కట్టి ఉంటే అకవాయోల ఊళ్లు మునిగేవి, ఆ సంగతి ఆ లేఖ రాసినవాళ్లకి పట్టలేదనుకోండి. ఒక్క వెనిజులా అధ్యక్షుడు చావెజ్ మాత్రం 2004లో జార్జ్‌టౌన్ వచ్చి, జనానికి పనికొచ్చే ప్రాజెక్టులకి అడ్డు రానన్నాడు. పదేళ్లు అలా గడిచాయి.

2013 అక్టోబర్‌లో వెనిజులా నౌకాదళం సముద్రంలో సర్వే చేస్తున్న ఓడని పట్టుకుంది. 2015 మేలో ఎక్సాన్‌మొబిల్ లిజా చమురు బావి ప్రకటన వచ్చింది, తీరానికి సుమారు 190 కిలోమీటర్ల దూరాన. వారం తిరక్కముందే ఆ సముద్రమంతా తమదేనని అప్పటి వెనిజులా అధ్యక్షుడు మదురో డిక్రీ ఇచ్చాడు. సముద్రపు హక్కులు తీరాన్ని బట్టి వస్తాయి, తీరం ఎవరిదైతే దాని ముందున్న నీళ్లు వాళ్లవి. అందుకే అడవి గొడవ ఒక్కసారిగా చమురు గొడవగా కనిపించింది. గయానా 2016లో కంపెనీలతో చేసుకున్న ఒప్పందం రాయల్టీ 2 శాతమే, దాని మీద ఆ దేశంలోనే ఎవరి తిట్లు వాళ్లకున్నాయి. అయినా 2019 డిసెంబర్‌లో మొదలైన ఉత్పత్తి 2024 కల్లా రోజుకి 6 లక్షల బ్యారెళ్లు దాటింది, దేశ జనాభా ఎనిమిది లక్షలు.

2018 జనవరిలో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ జెనీవా ఒప్పందం నాలుగో అధికరణం ప్రకారం అంతర్జాతీయ న్యాయస్థానాన్ని ఎంచాడు. మార్చిలో గయానా కేసు వేసింది. తనకి అధికారం ఉందని 2020 డిసెంబర్‌లో కోర్టు 12-4 తేడాతో చెప్పింది. బ్రిటన్ లేకుండా కేసెలా నడుస్తుందని వెనిజులా అడ్డుపడితే, జెనీవా ఒప్పందంతోనే బ్రిటన్ ఈ విషయాన్ని ఆ రెండు దేశాలకి వదిలేసిందని 2023 ఏప్రిల్‌లో 14-1తో తోసిపుచ్చింది. ఆ డిసెంబర్ 3న మదురో ఎసెకిబోని కలుపుకోవడం మీద రిఫరెండం పెట్టాడు, 95 శాతానికి పైగా అవునన్నారని ప్రకటించాడు. దానికి రెండు రోజుల ముందే, గయానా పాలిస్తున్న ఈ స్థితిని మార్చొద్దని కోర్టు ఏకగ్రీవంగా ఆదేశించి ఉంది. డిసెంబర్ 14న కరీబియన్ దీవి సెయింట్ విన్సెంట్‌లో ఇద్దరు అధ్యక్షులూ కలిసి బలప్రయోగం చేయబోమని మాటిచ్చుకున్నారు. 2024 ఏప్రిల్‌లో ఎసెకిబోని రాష్ట్రంగా చేస్తూ వెనిజులా చట్టం చేసుకుంది. 2025లో గవర్నర్ వచ్చాడు.

ఈ ఎన్నికతో నేల మీద ఏదీ మారలేదు. ఎసెకిబోలోని బార్టికా ఊళ్లో పన్ను కట్టేవాడు జార్జ్‌టౌన్‌కే కడుతున్నాడు. కోర్టులో మాత్రం ఒక విచిత్రం నడిచింది. ఈ కోర్టు అధికారాన్ని ఒప్పుకోబోమన్న వెనిజులా 2024 ఏప్రిల్‌లో అదే కోర్టుకి తన జవాబు పత్రాలు పంపింది. గయానా దానికి బదులిచ్చింది. వెనిజులా ఇవ్వాల్సిన ప్రత్యుత్తరానికి గడువు 2025 ఆగస్టుతో ముగిసింది, దాని తర్వాతి మెట్టు వాదనలు.