పైకప్పు ఎక్కిన పంతులమ్మ

చిరంజీవులకు,

అమ్మమ్మ ఆశీస్సులు. మీరు అమెరికాలో, ఒహైయో రాష్ట్రంలోని సిన్సినాటికి వెళ్ళినప్పటి నుంచి ఆ ఊరి పేరు ఎక్కడ కనిపించినా ఆగి చదువుతున్నాను. అలా చదువుతుంటే ఒక పంతులమ్మ తారసపడింది. నేనూ బడిలో జీవితం గడిపినదాన్ని కనుక ఆమె మీద నాకు కొంత పక్షపాతం ఉంటుంది. ఉండనివ్వండి.

ఆమె అసలు పేరు మరియా రోసా సెగాలే. 1850 జనవరి 23న ఇటలీలో, జెనోవా నగరానికి దగ్గరి కొండల్లో ఉన్న చికాన్యా అనే చిన్న ఊళ్ళో పుట్టింది. ఇటలీలో అన్నాను గానీ, అప్పటికి ఇటలీ అనే ఒకే దేశం లేదు. ఆ ప్రాంతం సార్డీనియా రాజ్యంలో భాగం. 1861లో గానీ ఇటలీ ఒక్కటి కాలేదు. అంతకు ముందే, 1854లో, నాలుగేళ్ళ పిల్లగా ఆమె అమ్మానాన్నలతో, తోబుట్టువులతో కలిసి సముద్రం దాటి మీ సిన్సినాటికి వచ్చింది. ఊళ్ళో పండ్లతోటలు ఉన్న తండ్రి ఇక్కడ పండ్లు అమ్ముకుంటూ బతుకు మొదలుపెట్టాడు. ఒకే గదిలో కాపురం. ఇటలీ నుంచి లక్షల మంది అమెరికాకు రావడం 1880 తరువాతి మాట. అంటే ఈ కుటుంబం వచ్చేసరికి దారి చెప్పే సొంతవాళ్ళు ఆ ఊళ్ళో చాలా తక్కువ.

కొత్త దేశంలో భాష ముందుగా పిల్లలకు వస్తుంది, పెద్దలకు ఆలస్యంగా వస్తుంది. దుకాణంలో, ఆఫీసులో, ఆసుపత్రిలో పిల్లలే దుబాసీలు అవుతారు. ఇది మీకు నేను చెప్పనక్కర్లేదు, మీ ఎదురింటి మెక్సికన్ పిల్లవాడు వాళ్ళ నాయనమ్మకు చేస్తున్న పని అదేనని మీరే కదా ఫోనులో చెప్పారు. రెండు భాషల మధ్య నిలబడడం ఎలాగో చిన్నప్పుడే నేర్చుకున్న ఆ పిల్ల, పెద్దయ్యాక చేసిన పని అంతా దాదాపు అలాంటిదే.

పదహారేళ్ళకు, 1866లో, సిన్సినాటిలోని సిస్టర్స్ ఆఫ్ చారిటీ అనే క్రైస్తవ సన్యాసినుల సంఘంలో చేరి సిస్టర్ బ్లాండీనా అయింది. ఆమె అక్క కూడా అందులోనే చేరి సిస్టర్ జస్టీనా అయింది. ఒహైయోలోనే కొన్నాళ్ళు పాఠాలు చెప్పాక, 1872లో ఆమెకు ట్రినిడాడ్ వెళ్ళమని ఆదేశం వచ్చింది. ట్రినిడాడ్ అంటే వెస్టిండీస్ వైపు అనుకుని సంబరపడిందట. తీరా చూస్తే అది కొలరాడోలో, శాంటా ఫే బాటలో ఉన్న ఒక మట్టి ఊరు! ఇరవై రెండేళ్ళ పిల్ల రైలు పట్టాలు ఉన్నంత మేర రైల్లో, అక్కడి నుంచి గుర్రపు బండిలో ఒంటరిగా వెళ్ళింది. శాంటా ఫే బాట అంటే మిస్సోరీ నుంచి న్యూ మెక్సికోలోని శాంటా ఫే ఊరి వరకు సుమారు 1,400 కిలోమీటర్లు సాగే వర్తకుల దారి. కొలరాడో అప్పటికింకా రాష్ట్రం కాదు, 1876లో అయింది. ఆ నేల అంతకు ముందు మెక్సికోది కనుక ఊళ్ళో ఎక్కువ మంది మాట్లాడేది స్పానిష్. అలా ఆమెకు మూడో భాష వచ్చి పడింది.

అక్కడి బడి పచ్చి ఇటుకలతో కట్టిన గది. ఇరుకు, చీకటి. కొత్తది కట్టించాలి, చేతిలో డబ్బు లేదు. మామూలుగా ఏం చేస్తాం? అర్జీ రాస్తాం, చందా పుస్తకం పట్టుకుని తిరుగుతాం. ఆమె ఒక గునపం తీసుకుని తిన్నగా పైకప్పు ఎక్కి ఇటుకలు ఊడబెరకడం మొదలుపెట్టింది. నల్లటి సన్యాసిని దుస్తుల్లో కప్పు మీద గునపంతో ఒక అమ్మాయి! దారిన పోయేవాళ్ళు ఆగకుండా ఎలా ఉంటారు? ఊళ్ళో పలుకుబడి గల ఒక ఇల్లాలు కంగారుపడి, దేవుడి మీద ఒట్టు, ఏం చేస్తున్నావమ్మా అని కేకేసింది. బడి కావాలి, అందుకే కడుతున్నాను అంది సిస్టర్. నీకేం కావాలో చెప్పు అంటే, పనివాళ్ళు కావాలి, పనిముట్లు కావాలి, గడ్డి కావాలి అని వరసగా చెప్పింది. అన్నీ వచ్చాయి. బడి లేచింది.

ఈ సంగతి చదివి నేను చాలాసేపు నవ్వుకున్నాను. ఆమె ఆ గోడలన్నీ తానొక్కతే పడగొట్టగలనని అనుకుని ఉండదు. పని మొదలైపోయాక చూస్తూ ఊరుకోవడం మంచివాళ్ళకు కష్టమని ఆమెకు తెలుసు. అడిగే పద్ధతి అది. కొంచెం గడుసుతనం కూడా.

ఇంకో సంగతి అంత సరదాది కాదు, అయినా మీరు తెలుసుకోవలసిన వయసులోనే ఉన్నారు. ఆమె విద్యార్థి ఒకడు ఒకరోజు ముఖం పాలిపోయి బడికి వచ్చాడు. వాడి తండ్రి ఒక మనిషిని తుపాకీతో కాల్చాడు. కాల్చినవాడు జైల్లో ఉన్నాడు, గాయపడినవాడు మంచం మీద చావుబతుకుల్లో ఉన్నాడు. అతని ప్రాణం పోగానే ఖైదీని లాక్కొచ్చి ఉరి తీయాలని జనం వీధిలో కాచుకున్నారు. ఆ రోజుల్లో ఆ ప్రాంతాల్లో కోర్టు దాకా ఆగే ఓపిక గుంపుకు ఉండేది కాదు. సిస్టర్ ముందు గాయపడినవాడి దగ్గరకు వెళ్ళి, అతను వచ్చి క్షమాపణ అడిగితే క్షమిస్తావా అని అడిగింది. క్షమిస్తానన్నాడు. అప్పుడు అక్కడి పోలీసు అధికారి అయిన షెరీఫ్‌ను ఒప్పించి, ఖైదీని వెంటబెట్టుకుని, కాచుకుని ఉన్న ఆ గుంపు కళ్ళ ముందు నుంచే నడిపించుకుంటూ తీసుకువెళ్ళింది. అతను అడిగాడు, ఇతను క్షమించాడు. గుంపు చెదిరిపోయింది. తప్పు తప్పుగానే ఉంది, దాని సంగతి ఆ తరువాత కోర్టు చూసింది.

ఇంటర్నెట్లో ఆమె పేరు వెతికితే మీకు ముందుగా కనిపించేది బిల్లీ ది కిడ్ అనే బందిపోటు. అతని ముఠాలో గాయపడిన ఒకడికి ఆమె సేవ చేసిందనీ, ఆ కృతజ్ఞతతో ఆమె మాట మీద అతను ఊరి వైద్యులను చంపకుండా వదిలాడనీ కథ. ఆమె డైరీలో ఆ సంఘటన ఉన్నమాట నిజమే. కానీ ఆ బిల్లీ మనం విన్న బిల్లీయేనా అన్నది చరిత్రకారులకు అనుమానం, తేదీలు కుదరవు. బందిపోటు లేకపోతే పంతులమ్మ కథ ఎవరూ చదవరని జనం ఎందుకు అనుకుంటారో నాకు అర్థం కాదు.

తరువాత శాంటా ఫేలో, 1881 నుంచి న్యూ మెక్సికోలోనే ఉన్న అల్బుకర్కీలో పనిచేసింది. బడులు, ఆసుపత్రి, అనాథలు, రైలు మార్గం వేసే కూలీలు. స్థానిక తెగల భూములు లాక్కుంటున్న తీరు గురించి డైరీలో కోపంగానే రాసింది. వాళ్ళ పిల్లలకు చదువు చెప్పాలని వెళ్ళిన ఆ కాలపు బడులన్నీ వాళ్ళ భాషను గౌరవించాయని మాత్రం నేను చెప్పను.

1889లో మళ్ళీ ట్రినిడాడ్ చేరింది. ఆ ఊరి ప్రభుత్వ పాఠశాలలో సిస్టర్లు పాఠాలు చెప్పేవారు. సన్యాసిని దుస్తులు మార్చుకుని రావాలని 1890ల మొదట్లో పాఠశాల బోర్డు చెప్పింది. మీకు ప్యాంటు వేసుకునే హక్కు ఇచ్చిన రాజ్యాంగమే నాకు ఈ దుస్తులు వేసుకునే హక్కు ఇచ్చింది అని చెప్పి ఆమె బయటికి నడిచింది. ప్రభుత్వ బడిలో మత చిహ్నాలు ఉండవచ్చా అన్న తగాదా అక్కడా ఇక్కడా ఇంకా తేలలేదు. మీ ఇద్దరిలో ఎవరు ఏ పక్షమో రాయండి.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆ తరువాతి భాగం, ఎవరూ పెద్దగా చెప్పనిది. 1897లో అక్కచెల్లెళ్ళిద్దరూ సిన్సినాటిలో ఇటాలియన్ వలస కుటుంబాల కోసం సాంటా మారియా అనే సంస్థ పెట్టారు. అప్పటికి ఓడల నిండా ఇటాలియన్లు వస్తున్నారు. పెద్దలకు ఇంగ్లీషు తరగతులు, ఆడపిల్లలకు కుట్టుపని, పసిపిల్లలకు బడి, పని వెతికిపెట్టడం, కోర్టుకెక్కిన కుర్రవాళ్ళ తరఫున మాట్లాడడం. తాము వచ్చినప్పుడు లేని దిక్కు, తరువాత వచ్చేవాళ్ళకు వీళ్ళే అయ్యారు. తుపాకులు లేవు, బందిపోట్లు లేరు, రోజూ అదే పని. జస్టీనా 1929లో పోయింది. చెల్లెలు 1933 దాకా ఆ పనిలోనే ఉండి, 1941 ఫిబ్రవరి 23న, తొంభై ఒక్కేళ్ళ వయసులో కన్నుమూసింది. 2014లో శాంటా ఫే ఆర్చ్‌డయోసిస్, అంటే అక్కడి క్యాథలిక్ చర్చి పాలనా విభాగం, ఆమెను పునీతురాలిగా ప్రకటించే ప్రక్రియ మొదలుపెట్టింది.

సాంటా మారియా ఇప్పటికీ మీ ఊళ్ళోనే, ప్రైస్ హిల్ వైపు, పనిచేస్తోంది. సెలవుల్లో అమ్మను అడిగి ఒకసారి చూసి రండి. పడమర నుంచి అక్కకు ఉత్తరాల్లా రాసుకున్న ఆమె డైరీ 1932లో పుస్తకంగా అచ్చయింది, మీ గ్రంథాలయంలో అడిగి చూడండి. బిల్లీ పేజీల దగ్గరే ఆగిపోకుండా గునపం పేజీలూ చదవండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ