కారు మనదే, నంబర్ ప్లేటు మాత్రం సర్కారుది: అపోహలు - వాస్తవాలు

టెక్సాస్‌లో బండ్ల రిజిస్ట్రేషన్, టైటిల్ కాగితాల పని చూస్తుంటాను. కొత్త కారు కొన్న మనవాళ్లు స్పెషాలిటీ ప్లేట్ల (ప్రత్యేక డిజైన్, సంఘాల గుర్తులతో వచ్చే నంబర్ ప్లేట్లు) గురించి అడిగేటప్పుడు తరచూ వినే అపోహలివి.

అపోహ: ఫీజు కడితే ఏ గుర్తయినా వేసివ్వాల్సిందే.

వాస్తవం: డిజైన్‌కు రాష్ట్రం ఒప్పుకోవాలి. 'సన్స్ ఆఫ్ కాన్ఫెడరేట్ వెటరన్స్' అనే సంఘం తమ ముద్రతో ప్లేటు ఇవ్వమని టెక్సాస్‌ను అడిగింది. ఆ ముద్రలో ఉన్నది బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి అంతర్యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాల యుద్ధ జెండా. చాలామంది మనసు నొచ్చుకుంటుందని మోటారు వాహనాల బోర్డు 2011లో కాదంది. వాక్‌స్వాతంత్ర్యం పోయిందంటూ సంఘం కోర్టుకెక్కింది. 2015 జూన్ 18న సుప్రీంకోర్టు 5-4 తేడాతో రాష్ట్రం పక్షాన నిలిచింది. ప్లేటు రాష్ట్రం పేరుతో, రాష్ట్రం చేతిమీదుగా వచ్చే గుర్తింపు కాబట్టి దానిమీది మాట రాష్ట్రం మాటేనని జస్టిస్ బ్రేయర్ రాశారు. అప్పటికే దాదాపు 350 రకాల ప్లేట్లున్నాయి, పక్క రాష్ట్రాల యూనివర్సిటీలవి కూడా. అవన్నీ టెక్సాస్ మాటలేనా అని తీర్పుతో విభేదించిన జస్టిస్ అలిటో నిలదీశారు. ఆ ప్రశ్నలో బలముందని నేనూ ఒప్పుకుంటాను. అయినా సిగ్నల్ దగ్గర ఆగిన నల్లజాతి కుటుంబం కళ్లెదుట, టెక్సాస్ పేరు పక్కనే ఆ జెండా ఉండటం నాకు సమ్మతం కాదు. బోర్డు చేసింది సబబే.

అపోహ: ఆ తీర్పుతో అమెరికా అంతటా ఆ జెండా నిషేధమైంది.

వాస్తవం: లేదు. కాదనే అధికారం రాష్ట్రానికుందని మాత్రమే తేలింది. నార్త్ కరోలినా 2021లో గానీ ఆ ప్లేట్లు ఆపలేదు. బంపర్ స్టిక్కర్‌గా ఇప్పటికీ ఎవరైనా అతికించుకోవచ్చు.

అపోహ: ప్లేటు సర్కారుదైతే దానిమీది నినాదం మనం మోయాల్సిందే.

వాస్తవం: న్యూ హ్యాంప్‌షైర్ ప్లేట్ల మీద 'స్వేచ్ఛగా బతుకు, లేదంటే చావు' అనే అర్థమొచ్చే నినాదం ఉంటుంది. 'యెహోవా సాక్షులు' అనే క్రైస్తవ శాఖకు చెందిన మేనార్డ్ అనే వ్యక్తి, అది తన విశ్వాసానికి విరుద్ధమని కప్పేశారు. జరిమానా కట్టనన్నందుకు 15 రోజులు జైల్లో ఉన్నారు. 1977లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. దీన్ని సాకుగా చేసుకుని నంబరు మాత్రం మూయకండి.

అపోహ: ఇంటిపేరో, కులం పేరో అక్షరాల్లో వేయించుకోవడానికీ 2015 తీర్పే వర్తిస్తుంది.

వాస్తవం: తాము చూస్తున్నది డిజైన్ల సంగతేనని, సొంత అక్షరాల ప్లేట్ల జోలికి వెళ్లడం లేదని కోర్టు ఆ తీర్పులోనే చెప్పింది. టెక్సాస్‌లో ఆ అక్షరాలనూ మోటారు వాహనాల శాఖే చూసి ఒప్పుకోవాలి.