ఎడారి ద్రాక్ష, ఎనుమాముల మిర్చి

అర్జెంటీనాలోని మెండోజాలో ఏడాది మొత్తానికి పడే వాన 200 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. మన వరంగల్‌లో కాలం బాగుంటే ఒక్క జూలైలోనే దాదాపు అంత పడుతుంది. పడమటి నుంచి వచ్చే తేమను ఆండీస్ కొండలు ఆపేయడంతో అది ఎడారి అయింది. అయినా ప్రపంచంలో మాల్బెక్ అనే నల్లద్రాక్షతో చేసే రెడ్ వైన్‌లో ఎక్కువ భాగం అక్కడిదే. కాకతీయులు మనకు వాన నీళ్లు ఆపుకొనే చెరువులు కట్టించి పోతే, అక్కడి వాళ్లు కొండల మీద కరిగిన మంచునీళ్లను కాలువల్లో తోటలకు మళ్లించుకున్నారు.

మాల్బెక్ పుట్టిల్లు ఫ్రాన్స్. 1853లో మిషెల్ పూజే అనే వ్యవసాయ నిపుణుడు దాన్ని అర్జెంటీనాకు తెచ్చాడు. 1956లో మంచు దెబ్బకు ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఈ తీగలు చాలావరకు చచ్చిపోయాయి. ఎడారిలో మాత్రం నిలదొక్కుకున్నాయి.

కారణం కాయను చూస్తే తెలుస్తుంది. నీళ్లు కొలిచి పెడితే కాయ చిన్నగా ఉంటుంది, రసం తక్కువ, తొక్క వాటా ఎక్కువ. నల్లద్రాక్షను చిదిమి చూడండి, లోపలి గుజ్జు దాదాపు తెల్లగానే ఉంటుంది. వైన్‌కు రంగు, వగరు ఎక్కువగా తొక్క నుంచే వస్తాయి, అందుకే రెడ్ వైన్‌ను తొక్కలతో కలిపి పులియబెడతారు. మెండోజా లాంటి ఎత్తైన చోట అతినీలలోహిత కిరణాల తాకిడి ఎక్కువ కాబట్టి, వాటిని తట్టుకోవడానికి తొక్కలో రంగునిచ్చే ఆంథోసయనిన్ల లాంటి పదార్థాలు ఇంకా పేరుకుంటాయి. నేరేడు పండు తిన్నాక నాలుక ఊదా రంగుకు తిరిగేది కూడా ఈ ఆంథోసయనిన్ల వల్లనే. పొడిగాలిలో బూజు తెగుళ్లూ తక్కువే. వీటన్నిటికన్నా నేను పెద్దపీట వేసేది అక్కడి రాత్రి చలికి. వేడి రాత్రుల్లో కాయ తనలోని మాలిక్ ఆమ్లాన్ని ఖర్చు చేసేసుకుంటుంది, పులుపు పోయి వట్టి తీపి మిగులుతుంది. మన మే నెల రాత్రుల్లో మనకే నిద్ర పట్టదు, ఇక కాయలో పులుపేం నిలుస్తుంది?

ఇక తిండి సంగతి. వగరు నిజానికి రుచి కాదు, తాకిడి. పచ్చి తునికికాయ కొరికితే నోరు పిడచకట్టుకుపోతుంది కదా, వగరునిచ్చే టానిన్లనే పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లకు అతుక్కుని జారుడుతనాన్ని పోగొట్టడం వల్లే అలా అవుతుంది. నోట్లో మాంసం ముక్క, కొవ్వు ఉంటే టానిన్లు కొంతవరకు వాటిని పట్టుకుంటాయి, వైన్ మెత్తబడుతుంది. అర్జెంటీనా వాళ్లు నిప్పుల మీద ఉప్పు చల్లి కాల్చిన గొడ్డు మాంసంతో మాల్బెక్ తాగేది ఇందుకే.

మన మటన్ కూరతోనూ కుదరాలి కదా అనుకుంటాం. మధ్యలో కారం అడ్డొస్తుంది. కారానికి మండే నరాల గ్రాహకం మామూలుగా 42 డిగ్రీల వేడికి స్పందిస్తుంది, ఆల్కహాల్ తగిలితే ఆ గీత 34 డిగ్రీలకు దిగుతుంది. అంటే మన నోటి వేడే మనల్ని కాలుస్తుంది! ఘాటైన తేజ మిర్చి దంచి వేసిన నాటుకోడి పులుసు పక్కన 14 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ పెడితే రెండూ పాడే.

అయితే మన వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో దీనికి విరుగుడు ఉంది. టమాటా మిర్చి అని కూడా పిలిచే చపాటా, రంగు ఎక్కువ, కారం తక్కువ. 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చపాటా పొడి, అల్లంవెల్లుల్లి పట్టించి వేయించిన మటన్, పక్కన బగారా అన్నం, ఇది మాల్బెక్‌కు సరైన జోడీ అని నా లెక్క. పచ్చిపులుసును మాత్రం దూరం పెట్టండి, ఆ చింతపండు పులుపు ముందు వైన్ చప్పబడిపోతుంది.

రెడ్ వైన్‌ను గది వేడిమిలో తాగాలనే మాట చలిదేశాల గదుల కోసం పుట్టింది. హన్మకొండ ఎండాకాలంలో సీసాను ఫ్రిజ్‌లో పెట్టి, 16 నుంచి 18 డిగ్రీలకు తెచ్చాకే పోసుకోవాలి. లేకపోతే ముక్కుకు ముందు తగిలేది స్పిరిట్ ఘాటే.